గోదావరి బొగ్గు నేలలో శిలాజాల గుర్తింపు

రామగుండం నుంచి సిరోంచ దాకా గోదావరి, ప్రాణహిత నదుల వెంట పరుచుకున్న గోండ్వానా శిలల్లో అడుగున బొగ్గు పొరలు, వాటి మీద ఎర్రమట్టి రాళ్లు, ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు ఉన్నాయి. బొగ్గు సుమారు 27 కోట్ల ఏళ్ల నాటిది. పై పొరల్లో సరీసృపాలు, చేపలు, డైనోసార్లు రాయిగా మారి ఉన్నాయి. వీటిని మొట్టమొదట ఏరినవారు శిలాజ శాస్త్రం చదివినవారు కారు. బొగ్గు కోసమో ఇతర పనుల మీదో తిరుగుతూ, వింతగా కనిపించిన రాయిని పారేయకుండా దాచినవారు.

ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉన్న కోట అనే ఊరి దగ్గర డాక్టర్ వాకర్, ఆ తర్వాత డాక్టర్ బెల్ సున్నపురాతి పలకల్లో చేపలను చూశారు. బెల్ అక్కడ బొగ్గు ఉందేమోనని బోరు కూడా వేయించాడు. చేపలు లండన్ చేరాయి. మెరిసే గట్టి పొలుసులను బట్టి అవి లెపిడోటస్ అనే అంతరించిన రకానివని తేలింది. 1851లో వాటి వివరణ అచ్చయింది. అదే కాలంలో నాగపూర్‌లో స్కాట్లాండ్ మిషన్ తరఫున పనిచేస్తున్న స్టీఫెన్ హిస్లాప్ ఆసిఫాబాద్ వైపు మలేరి గ్రామం దగ్గర ఎర్రమట్టిలో పళ్లు, ఎముకలు సేకరించాడు. బోధన ఆయన వృత్తి, రాళ్లు ఆయన వ్యసనం. 1863లో సమాధి రాతి వలయాలను చూసి తిరిగి వస్తూ వాగులో కొట్టుకుపోయి చనిపోయేదాకా ఆ వ్యసనం వదల్లేదు.

మలేరి పళ్ల కథ గుర్తింపు పని ఎలా సాగుతుందో చక్కగా చూపిస్తుంది. ఒక్కో పన్నూ నాలుగైదు గట్లు తేలిన చదునైన బిళ్ల. ఒంటరిగా చూస్తే ఏ జంతువుదో చెప్పడం కష్టం. 1859లో భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ వాటిని యూరప్‌లో అప్పటికే పళ్ల ద్వారా మాత్రమే తెలిసిన సెరటోడస్ అనే చేపవిగా గుర్తించాడు. ఆ చేప దగ్గరి బంధువు ఊపిరితిత్తులతో ఆస్ట్రేలియా నదుల్లో ఇంకా ఈదుతోందని 1870లో లోకానికి తెలిసింది. మలేరి ఎముకల విషయంలో థామస్ హక్స్‌లీ మరో అడుగు వేశాడు. స్కాట్లాండ్‌లోని ఎల్గిన్ దగ్గర దొరికిన ముక్కు వంపు సరీసృపానికి హైపెరోడాపెడాన్ అని 1859లో పేరు పెట్టిన ఆయన, పదేళ్ల తర్వాత మలేరి దవడ ముక్కల్లోనూ అదే జంతువును చూశాడు. మలేరి మట్టి ట్రయాసిక్ కాలానిదని నిర్ధారించడానికి ఆ పోలిక బలమైన ఆధారమైంది.

1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన విలియం కింగ్ ఈ లోయ మొత్తాన్ని సర్వే చేసి 1881లో గ్రంథం వెలువరించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960లలో గోదావరిఖని బొగ్గుబాయిలు మొదలయ్యాయి. అక్కడినుంచి శిలాజాలు ముందుగా కార్మికుడి కంటికే కనిపించాయి.

బొగ్గు పొరల మధ్య నల్లటి షేల్ రాయిని పొర వెంట చీలిస్తే తరచుగా ఆకు అచ్చు బయటపడుతుంది. నాలుక ఆకారం, మధ్యలో బలమైన ఈనె, దాన్నుంచి అంచు దాకా వల అల్లినట్టు సన్నని ఈనెలు ఉంటే అది గ్లోసాప్టెరిస్. నడి ఈనె స్పష్టంగా లేకపోతే గంగమాప్టెరిస్ అయ్యే అవకాశం ఎక్కువ. గ్లోసాప్టెరిస్‌కు 1828లో బ్రాంగ్నియార్ పేరు పెట్టాడు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ ప్రాణాలు వదిలిన స్కాట్ బృందం చివరిదాకా లాగిన 16 కిలోల రాళ్లలోనూ ఇదే ఆకు ఉంది. గోదావరిఖని, అంటార్కిటికా ఒకప్పుడు ఒకే ఖండంలో ఉన్నాయనడానికి ఇంతకంటే చేతికందే సాక్ష్యం లేదు.

ఆకులా కనిపించేదంతా ఆకు కాదు. రాతి పగుళ్లలో మాంగనీస్ ఆక్సైడ్ పేరుకుని కొమ్మలు, రెమ్మలు వేసిన చెట్టులా కనిపిస్తుంది. అది ఖనిజం. గుర్తు ఏమిటంటే దానికి ఈనెలు ఉండవు, పగులు ఎటు పోతే అటే పాకుతుంది. గుండ్రని ఇనుపరాతి ఉండలను గుడ్లని, ఎముకలని భ్రమపడేవారు ఎక్కువ. అసలు ఎముకైతే విరిగిన చోట స్పాంజిలాంటి సన్నని గదులు కనిపిస్తాయి. చెట్టు మానైతే భూతద్దంలో పోగులు, కొన్నిసార్లు వలయాలు కనిపిస్తాయి.

అలాగని ఇనుపరాతి ఉండలన్నిటినీ తోసిపుచ్చడానికీ లేదు. సింగరేణి కాలనీ ఉన్న గోలేటి దగ్గర ఎర్రమట్టి రాళ్లలో దొరికిన ఎముకల మీద ఇనుము పొర గట్టిగా అంటుకుని ఉంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన టి.ఎస్. కుట్టి వాటిని పెర్మియన్ కాలపు సరీసృపాలని 1972లో ప్రకటించాడు. వాటిలో ఎండోథియోడాన్ అనే జంతువు ఆఫ్రికాలోనూ దొరుకుతుంది. ఇక్కడి జాతికి ఆ సంస్థ స్థాపకుడి పేరు మీద మహలనోబిసి అని పేరు పెట్టారు.

ఆ సంస్థ తవ్వకాలే 1958-61 మధ్య సిరోంచ ప్రాంతంలో బారపాసారస్ టాగోరి అనే డైనోసార్‌ను వెలికితీశాయి. గోదావరికి ఉత్తరాన యామన్‌పల్లిలో భూగర్భ సర్వే సేకరించిన ఎముకలకు 1988లో పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టాడు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈ రెండూ బొగ్గుకు సుమారు 9 కోట్ల ఏళ్ల తర్వాతివి. కాబట్టి బొగ్గు పొరలోనే డైనోసార్ దొరికిందన్న వార్త ఏదైనా నమ్మదగింది కాదు.

దొరికిన పొర ఎంత ముఖ్యమో మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ చెబుతుంది. రామగుండం పక్కనున్న ఆ గనిలో ఓబీ (బొగ్గు మీది) మట్టి తీస్తుండగా స్టెగోడాన్ అనే అంతరించిన ఏనుగు జాతి శిలాజాలు బయటపడ్డాయి. ఆ జాతి కోటి పది లక్షల ఏళ్ల లోపుది, బొగ్గు ముందు నిన్నమొన్నటిది. బొగ్గు పైన నది పరిచిన మట్టిలోనే దానికి చోటుంది. ఇలాంటి శిలాజం డంపర్ ఎక్కి డంపులో పడితే ఎముక మిగులుతుందేమో గానీ దాని వయసు చెప్పే ఆధారం మిగలదు.

అందుకే రాయి ఏరేవారు చేయవలసిన మొదటి పని శుభ్రం చేయడం కాదు. ఏ గని, ఏ బెంచి, బొగ్గుకు పైనా కిందా అన్నది తేదీతో రాసిపెట్టాలి. కదిలించకముందే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. ఆమ్లం, వార్నిష్ పూయకుండా కాగితంలో చుట్టి సింగరేణి ఎక్స్‌ప్లొరేషన్ విభాగానికో, హైదరాబాద్‌లోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికో చూపించాలి.