ఈ అడుగు ఎక్కడిది?

నలభై దాటాక డాన్సు క్లాసుకు వెళ్తానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఒక హాలులో ఆధునిక నృత్యం నేర్పుతున్నారు. చెప్పులు విప్పి నిలబడటం, ఊపిరి వెంట చేయి కదలటం, శరీరం బరువును నేలకు వదిలెయ్యటం, ఇదీ అక్కడి పాఠం. కాని నా మోకాళ్ళు వాటంతట అవే వంగి అరమండిలో నిలిచాయి. పదో తరగతి పరీక్షల పేరుతో మానేసిన కూచిపూడి అది! "ఈ అడుగు ఎక్కడిది?" అని టీచరు అడిగింది. "ఇండియాది" అన్నాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు.

కృష్ణా జిల్లా కూచిపూడిలో భాగవతుల కుటుంబాల మగవాళ్ళే తరతరాలుగా ఆడేవారు. సత్యభామ వేషమూ వాళ్ళదే. వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామను చూసినవారు దాన్ని మరిచిపోలేరు. స్త్రీలకు ఈ విద్య నేర్పిన తొలితరం గురువుల్లో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఒకరు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక మనవంటి ఇళ్ళ ఆడపిల్లలు ఎందరో గజ్జె కట్టారు. నేను చిన్నప్పుడు నడిచిన దారి అంత కొత్తది!

అయితే అంతకుముందు తెలుగునాట స్త్రీలు ఆడలేదా? ఆడారు. కళావంతులు ఆలయాల్లో, సభల్లో తరతరాలుగా ఆడారు. 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లల్ని దేవాలయాలకు అంకితం చేయటాన్ని నిషేధించింది. ఆ దురాచారం పోవలసిందే. కాని ఆలయాల్లో, దేవుడి ఊరేగింపుల్లో వారి నృత్యాన్ని కూడా చట్టం ఆపేసింది. మనకు తలుపు తెరుచుకున్న కాలంలోనే వారికి మూసుకుపోయింది. నటరాజ రామకృష్ణగారు ఆ వృద్ధ కళాకారిణుల దగ్గరికి వెళ్ళి, వారి విద్యను ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదిక ఎక్కించారు.

ఇక "వాళ్ళది" అనుకున్న ఆధునిక నృత్యం సంగతి చూద్దాం. దాన్ని ఆస్ట్రేలియాలో పాదుకొల్పినవారిలో గెర్ట్రూడ్ బోడెన్‌వీజర్ ఒకరు. నాజీల చేతికి చిక్కిన వియన్నా విడిచి 1939లో సిడ్నీ చేరిన యూదు స్త్రీ ఆమె. 1959లో మరణించేదాకా అక్కడే పాఠాలు చెప్పింది. అంటే ఆ నృత్యం కూడా మనలాగే వలస వచ్చినదే! ఇంతకూ మనం అడుగు వేసే ఈ నేల మీద యుగెరా, ఉగరాపుల్ ప్రజల నృత్యాలు అన్నిటికంటే ముందువి.

మరుసటి వారం ఇదంతా టీచరుకు చెప్పాను, నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో. క్లాసంతా కూర్చుని విన్నారు. తరువాత అందరం కలిసి అరమండిలో నిలబడ్డాం. రెండు నిమిషాలకే అందరి తొడలూ వణికాయి, నావి అందరికంటే ముందు!

మన ఉగాది వేడుకల్లో పిల్లలు ఆడతారు, తల్లులం తెర వెనుక జడలు వేస్తాం, పిన్నులు గుచ్చుతాం. మనలో ఎందరి గజ్జెలు ఇండియాలో అటక మీద ఉన్నాయో! వచ్చే ఏడు ఒక్క అంశానికైనా మనమూ తెర ముందుకు వద్దాం. ఈ అడుగు ఎవరెవరి దగ్గరనుంచి మనదాకా వచ్చిందో కూడా పిల్లలకు చెబుదాం, కళావంతుల పేరు దాచకుండా.