విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్: కోటగిరి నుంచి ఢిల్లీ ఎంత దూరం?

డిగ్రీ పూర్తయిన, లేదా ఇంటర్న్‌షిప్ తప్పనిసరైన డిగ్రీ కోర్సులో చివరి ఏడాది చదువుతున్న విద్యార్థులను కేంద్ర విదేశాంగ శాఖ ఒకటి నుంచి మూడు నెలలు ఇంటర్న్‌లుగా తీసుకుంటుంది. వయసు 25 దాటకూడదు. నెలకు రూ.10,000 గౌరవ వేతనం, ఢిల్లీకి రానుపోను విమాన చార్జీ ఇస్తారు. బస మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి.

ఎంపికలో కేంద్రం గుర్తించిన వెనుకబడిన ‘ఆకాంక్షిత’ జిల్లాల వారికి ప్రాధాన్యం ఉంది. తెలంగాణలో ఆ జాబితాలో ఉన్నవి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. నిజామాబాద్ లేదు. కాబట్టి కోటగిరి దళితవాడలోని కూలీ బిడ్డకు జిల్లా పేరుతో వచ్చే ప్రాధాన్యం దక్కదు.

కేరళలోని పేద దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్. నారాయణన్ 1949లోనే విదేశాంగ సర్వీసులో చేరారు. మన పిల్లలకు తక్కువైంది ప్రతిభ కాదు, ఢిల్లీలో తలదాచుకునే చోటు. ఎంపికైన దళిత విద్యార్థులకు ప్రభుత్వమే హాస్టల్ బస కల్పించాలని మేం కోరుతున్నాం.