కళ్లు పచ్చబడకముందే

కృష్ణా డెల్టాలో కామెర్ల లెక్క ఎప్పుడూ కళ్ల దగ్గరే మొదలయ్యేది. అన్నం సయించడం లేదని రెండు రోజులు చూస్తారు. మూడో రోజు ఇంట్లో పెద్దావిడ మనిషిని వెలుతురులోకి తీసుకెళ్లి, కనురెప్ప కిందికి లాగి చూస్తుంది. పరుగంతా ఆ తర్వాతే. పసరు మందు ఇచ్చే మనిషి ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ వారం ఇస్తాడు, నేల ఉసిరి ముద్ద మజ్జిగలో ఎన్నాళ్లు తాగాలి, ఉప్పూ నూనే ఎన్నాళ్లు మానాలి? బందరైనా గుడివాడైనా దివిసీమైనా వరస ఇదే.

ఈ వరసలో ఒక్కదానికి చోటు లేదు. వైరస్ ఒంట్లో చేరిన రోజుకీ కళ్లు పచ్చబడిన రోజుకీ మధ్య గడువు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్‌కి అది దాదాపు నాలుగు వారాలు. బి వైరస్‌కి రెండు మూడు నెలలు, ఒక్కోసారి ఆరు. సోకాక కూడా రోగాన్ని ఆపే వీలుందంటే ఆ గడువులోనే.

ఆ గడువు సంగతి వైద్యులకూ చాలాకాలం బోధపడలేదు. 1885లో జర్మనీలోని బ్రెమెన్ ఓడల కార్ఖానాలో ఒకే రకం మశూచి టీకా వేయించుకున్న 1,289 మందిలో 191 మందికి వారాలు, నెలలు గడిచాక కామెర్లు వచ్చాయని లూర్మన్ అనే వైద్యుడు రాసిపెట్టాడు. టీకా మందులో కలిసిన మనిషి శోషరసమే (లింఫ్) కారణమని ఇప్పుడు తెలుసు. తర్వాత కాంగ్రెసు నాయకుడైన భోగరాజు పట్టాభిసీతారామయ్య మద్రాసులో వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టిన 1906 ప్రాంతంలో మాత్రం, పైత్యనాళానికి జిగురు అడ్డుపడితే కామెర్లు వస్తాయన్నదే ఎక్కువమంది నమ్మిన మాట. వైరస్ అనే ఊహే అప్పటికి స్పష్టంగా లేదు.

డెల్టాలో అసలు కథ నీళ్లది. బందరు సముద్రపు ఊరు, బావి తవ్వితే ఉప్పుజల. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలే పొలానికీ గొంతుకూ ఆధారమయ్యాయి. కాలువ నీరు ఊరి మంచినీళ్ల చెరువు నింపేది, చెరువు నుంచి కావిళ్లతో, బిందెలతో ఇళ్లకు చేరేది. బురదగా ఉంటే కుండలో చిల్లగింజ అరగదీసేవారు, లేదా పటిక తిప్పేవారు. తెల్లారేసరికి నీరు తేటపడేది. తేటనీరే మంచినీరన్న నమ్మకం అక్కడే బలపడింది. పటిక బురదను అడుక్కి దించినంత మాత్రాన వైరస్ చావదు. కాచిన నీళ్లేమో జ్వరం వచ్చినవాడికి మాత్రమే. ఇక కాలువ చివరన ఉండటమంటే, ఎగువ ఊళ్ల గేదెలూ చాకిరేవులూ కాలువగట్లూ చేసినదంతా తన బిందెలోకి రావడమే. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ కొసకు చేరే నీటికి ఎంత చరిత్రో!

1977 నవంబరు 19 రాత్రి ఆ కొస మీదికే ఉప్పెన వచ్చింది. సుమారు 10,000 మంది పోయారని సర్కారు లెక్క. ఇంకా ఎక్కువేనని ఊళ్లవాళ్లు ఇప్పటికీ అంటారు. చెరువుల్లో ఉప్పునీరు, కళేబరాలు. సహాయానికి వచ్చినవాళ్ల మొదటి భయం కలరా. దానికి అప్పట్లో సూదిమందు ఉండేది. కామెర్లకు అప్పటికి ఏ టీకా లేదు. ఉన్నది దాతల రక్తం నుంచి తీసే రక్షక పదార్థం గామా గ్లోబ్యులిన్ ఒక్కటే. అమెరికాలో ఒక వేసవి శిబిరంలో పిల్లలకు కామెర్లు అంటుకున్నప్పుడు, ఆ సూది వేసినవారిలో చాలామందికి రోగం రాలేదని స్టోక్స్, నీఫ్ అనే వైద్యులు 1945లో ప్రకటించారు.

అదీ మనకు పెద్దగా అక్కరకు వచ్చేది కాదు. 1955-56లో ఢిల్లీలో మురుగు యమునలోకి ఎదురు తన్ని, కుళాయి నీటి ద్వారా 29,000 మందికి పైగా కామెర్లు వచ్చాయి. దాచి ఉంచిన రక్తాన్ని 1980లో పరీక్షిస్తే అది హెపటైటిస్ ఎ కాదని తేలింది. తర్వాత దానికి ఇ అని పేరు పెట్టారు. గర్భిణులకు ప్రాణాంతకమైన ఈ ఇ వైరస్‌ను గ్లోబ్యులిన్ సూది ఆపలేదు. నీళ్లు కాచుకోవడమే దారి.

పసరు మందుకు అంత పేరు ఎలా వచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గిన గొప్ప మందుకు దక్కేది. అయితే నేల ఉసిరిని కొట్టిపారేయకుండా పరీక్షించినవారూ ఉన్నారు. బి వైరస్‌ను కనిపెట్టిన నోబెల్ గ్రహీత బ్లంబర్గ్‌తో కలిసి, మద్రాసు వైద్యుడు త్యాగరాజన్ బృందం 1988లో లాన్సెట్ పత్రికలో ఆశ పుట్టించే ఫలితాలు ప్రకటించింది. తర్వాతి పరిశోధనల్లో ఆ ఫలితం నిలబడలేదు.

బి వైరస్ నీటి దారిన రాదు, రక్తం దారిన వస్తుంది. ఊరి డాక్టరు గాజు సిరంజిని వేడినీళ్లలో ఇలా ముంచి అలా తీసి, తర్వాతి చేతికి పొడిచిన రోజులు డెల్టాలో నడివయసు దాటిన అందరికీ గుర్తే. మందుబిళ్ల ఇస్తే వైద్యం కాదనీ సూది పడాల్సిందేననీ పట్టుబట్టింది రోగులే. తప్పు ఒక్కరిది కాదు.

1997 ఆగస్టులో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ నుంచి షాన్‌వాక్-బి వచ్చింది. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్‌రెడ్డి నిలబెట్టిన ఆ సంస్థ, వందల రూపాయలు పలికే విదేశీ టీకా ధరను నేలకు దించింది. ఆ తర్వాత కొన్నేళ్లు బడుల్లో, క్లబ్బుల్లో టీకా శిబిరాలే శిబిరాలు. ఎయిడ్స్ కన్నా వంద రెట్లు త్వరగా అంటుకుంటుందన్న ప్రచారం కొంత మేలు చేసింది, కొంత వణుకూ పుట్టించింది. ఆ పైన రాష్ట్రమంతటా పసిపిల్లల సర్కారీ టీకాల్లో అది చేరింది.

బి టీకాకు మరో గుణముంది. వైరస్ సోకిన వెంటనే వేస్తే, అది నెమ్మదిగా ఎదిగేలోపు ఒంట్లో కాపలా సిద్ధమవుతుంది. టీకా పడని నర్సుకో ల్యాబ్ పనివాడికో రోగి రక్తమున్న సూది గుచ్చుకుంటే, మూడింట ఒక వంతు దాకా ముప్పు ఉండవచ్చు. ఒక్క రోజులోపు టీకా, దాంతో పాటు హెపటైటిస్ బి ఇమ్యూనోగ్లోబ్యులిన్ వేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. రక్తం దారినే వచ్చే సి వైరస్‌కి అలాంటి సూది ఇప్పటికీ లేదు. పరీక్షిస్తూ ఉండి, బయటపడితే కొన్ని వారాల మాత్రలతో నయం చేస్తారు. 2018 జూలై 28న, బ్లంబర్గ్ పుట్టినరోజున, మొదలైన జాతీయ కార్యక్రమం ఈ మందులను సర్కారు ఆసుపత్రులకు తెచ్చింది.

సోకాక రోగాన్ని ఆపే ఆ గడువు అన్నిటికన్నా బిగువుగా ఉండేది పురిటి గదిలో. తల్లికి బి వైరస్ ఉధృతంగా ఉండి, అడ్డు వేయకపోతే, పదిమంది బిడ్డల్లో దాదాపు తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా మిగిలేది నూటికి ఐదుగురికే. అందుకే వీలైతే 12 గంటల్లో, ఆలస్యమైనా 24 గంటల్లోపు ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యూనోగ్లోబ్యులిన్ వేస్తారు. కనురెప్ప లాగి చూసే పెద్దావిడ చేతికి బిడ్డ అందే వేళకే ఆ రెండు సూదులూ పడిపోయి ఉంటాయి.