హైదర్ జంగు గుర్తున్నాడు, షేర్ ఖాన్ గుర్తులేడు

'రోజా' సినిమా చూసేటప్పటికి నాకింకా మీసాలు రాలేదు. శ్రీకాకుళంలో నలుగురు స్నేహితులం కలిసి వెళ్లాం. నేనొక్కణ్ణే సాయిబుని. తగలబడుతున్న జెండా మీద హీరో పడి దొర్లుతున్నాడు. తీవ్రవాదుల నాయకుడు మాత్రం నమాజు చదువుకుంటున్నాడు. ఇదొక ముక్క, అదొక ముక్క మార్చి మార్చి చూపిస్తున్నారు. హాలంతా ఈలలు, చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కనున్న స్నేహితుడు నా వైపు తిరిగి, "ఒరే, మీ నాన్న సదివేది కూడా ఇదేనేట్రా?" అన్నాడు. వాడి మనసులో విషం లేదు. తెలీక అడిగాడు. నా చేతులు మాత్రం ఆగిపోయాయి.

గడియారాలు బాగుచేసుకునే మా అబ్బాకి పేపరంటే ప్రాణం. సినిమా పేజీ కూడా వదిలేవాడు కాదు. ఆ వారం సమీక్ష నాచేత చదివించాడు. సంగీతం కొత్తగా ఉందన్నారు. కెమెరా గొప్పదన్నారు. రెండో సగం కాస్త సాగిందన్నారు. నా స్నేహితుడు అడిగిన ప్రశ్న అందులో ఎక్కడైనా ఉంటుందేమోనని చివరిదాకా చదివాను. లేదు. అబ్బా అంతా విని, "పాటలు బాగున్నాయంటగా" అని కళ్లద్దం పెట్టుకుని పనిలో పడిపోయాడు.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు వేరేచోట ఉన్నారని నాకు చాలా ఏళ్లకి గాని తెలీలేదు. విజయనగరంలో బి.ఏ. చదువుతున్నప్పుడు లైబ్రరీలో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ' పాత సంచికలు తిరగేస్తుంటే 1994 జనవరి సంచికలో 'రోజా' మీద వ్యాసం కనపడింది. రాసింది తేజస్విని నిరంజన. అప్పట్లో ఆమె హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు. సమైక్యత అంటున్నారు సరే, ఎవరి దేశంలోకి ఎవర్ని కలుపుతున్నారు అని ఆమె నిలదీశారు. ఆమెతో ఏకీభవించనివాళ్లూ, ఆమెకంటే ముందుకెళ్లినవాళ్లూ అదే పత్రికలో అదే ఏడాది రాశారు. వెంకటేశ్ చక్రవర్తి, ఎం.ఎస్.ఎస్. పాండియన్ ఒక జవాబు రాశారు. రుస్తుం భరూచా మరో పెద్ద వ్యాసం రాశారు. ఒక డబ్బింగు సినిమా మీద ఇంత తగువు జరిగింది. ఆ తగువంతా ఇంగ్లీషులోనే జరిగింది. ఆ సినిమాకి తెలుగు మాటలూ పాటలూ రాసిన రాజశ్రీ మాత్రం మా విజయనగరం మనిషే. సినిమా మా భాషలోకి వచ్చింది గాని, దాని మీద నడిచిన తగువు రాలేదు. ఈలోగా ఢిల్లీ వాళ్లు 'రోజా'కి జాతీయ సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు ఇచ్చేశారు. 1995లో వచ్చిన 'బొంబాయి'కీ అదే అవార్డు వచ్చింది. ఆ సినిమాని బాల్ ఠాక్రే ముందు చూసి మార్పులు చేయించాడు. మణిరత్నం ఇంటి మీద బాంబులు పడ్డాయి. అది ఏ రకంగా చూసినా తప్పే. అవార్డుకీ బాంబుకీ మధ్య మాట్లాడుకునే చోటు ఒకటి ఉండాలి. పత్రికల్లో సినిమా పేజీ అందుకే ఉందని నా నమ్మకం.

తెలుగు పత్రికలకి ఆ సంప్రదాయం లేకపోలేదు. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు కాకముందు కృష్ణాపత్రికలో 'సినీఫాన్' పేరుతో సమీక్షలు రాశారు. 1936లో ద్రౌపది కథ మీద పోటీపడి రెండు సినిమాలు వస్తే వాటి మీద ఆయన రాసింది జనం చెప్పుకున్నారు. విజయనగరం మహారాజా కళాశాలలో చదువుకున్న కొడవటిగంటి కుటుంబరావు సినిమాల గురించి ఎన్నో ఏళ్లు రాశారు. సినిమాని పురాణకాలక్షేపంగా కాక సమాజంలో పనిచేసే శక్తిగా చూశారు. తర్వాత్తర్వాత సినిమా, పత్రిక ఒకే ఇంటి మనుషులైపోయారు. 'ఈనాడు' పెట్టిన రామోజీరావు సినిమా వారపత్రిక 'సితార' నడిపారు, ఉషాకిరణ్ మూవీస్ పెట్టి సినిమాలూ తీశారు. 'ఉదయం' దినపత్రిక పెట్టిన దాసరి నారాయణరావు స్వయానా దర్శకుడు. దీంట్లో నేరమేమీ లేదు. కాని సినిమా ప్రకటనలు పడే పేజీలోనే సినిమా మీద తీర్పు కూడా పడుతుందనే సంగతి మనం మర్చిపోకూడదు.

ఇప్పుడు మా ఊళ్ల కథకి వస్తాను. ఉత్తరాంధ్రకి సినిమా అంటే ముందు 'బొబ్బిలి యుద్ధం'. 1964లో సి. సీతారాం తీశాడు. రాజా రంగారావుగా ఎన్.టి.రామారావు, మల్లమ్మదేవిగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి.రంగారావు. సంగీతం బొబ్బిలికి దగ్గరలోని సాలూరు మనిషి రాజేశ్వరరావుది. 1986లో అదే కథని కృష్ణంరాజుతో 'తాండ్ర పాపారాయుడు'గా దాసరి మళ్లీ తీశాడు. ఈ రెండు సినిమాల మీదా దొరికినన్ని సమీక్షలు, వ్యాసాలు చదివాను. ఎస్.వి.రంగారావు గొప్పా, కృష్ణంరాజు గొప్పా అన్నదాని దగ్గర్నుంచి, చరిత్రకి న్యాయం జరిగిందా లేదా అన్నదాని దాకా రకరకాల అభిప్రాయాలున్నాయి. నచ్చినవాళ్లున్నారు, పెదవి విరిచినవాళ్లున్నారు. అలా ఉండాల్సిందే.

కాని బొబ్బిలి కథ తెలిసినవాణ్ణి ఎవర్నయినా అడగండి, అందులో తురకవాడెవరని. హైదర్ జంగు అంటాడు. బుస్సీ దొర దివాను. విజయరామరాజు పక్షం చేరి బొబ్బిలి కొంప ముంచినవాడు. జంగం కథల్లోనూ అంతే, బుర్రకథల్లోనూ అంతే. ఆ హైదర్ జంగుని వెనకేసుకొచ్చే పని నాకు లేదు. వాడు మా మేనమామ కాడు. 1758లో ఔరంగాబాదులో నిజాం అలీ చేతిలో వాడి కథ ముగిసింది.

అయితే షేర్ మహమ్మద్ ఖాన్ సంగతేమిటి? శ్రీకాకుళం ఫౌజుదారు. 1641 నాటి జామియా మసీదు కట్టించింది ఆయనే. నేను అలిఫ్, బే నేర్చుకున్నది ఆ మసీదు నీడలోనే. ఆయన ఈ సీమకి వచ్చినప్పుడు ఆయన వెంట ఇద్దరు వీరులు వచ్చారు. ఒకడు బొబ్బిలి వంశానికి మూలపురుషుడు పెద్దరాయుడు. రెండోవాడు విజయనగరం వంశానికి మూలపురుషుడు పూసపాటి మాధవవర్మ. నూరేళ్ల తర్వాత 1757 జనవరి 24న ఒకరి మీద ఒకరు కత్తిదూసిన రెండు సంస్థానాలూ ఒకే సాయిబు వెంట నడిచి ఇక్కడికి చేరినవే. షేర్ అంటే పులి. తనకి జాగీరు ఇప్పించిన ఆ పులి పేరు మీదే పెద్దరాయుడు తన ఊరికి 'పెద్దపులి' అని పేరు పెట్టాడనీ, అదే బెబ్బులి, బొబ్బిలి అయిందనీ సంస్థానం వాళ్లే చెప్పుకున్నారు. ఇదేమీ నేను మసీదు అరుగు మీద అల్లిన కథ కాదు.

బొబ్బిలి పులి అంటూ మనం గుండెలు చరుచుకుంటాం. 1982లో ఆ పేరుతో రామారావు సినిమా కూడా వచ్చింది. ఆ పులి ఎవరో మాత్రం మనకి తెలీదు. ద్రోహి పేరు తురకపేరు కాబట్టి గుర్తుండిపోయింది. ఊరికి పేరైనవాడి పేరూ తురకపేరే, అది మాత్రం చెరిగిపోయింది. నేను చదివిన సమీక్షల్లో ఒక్కటైనా ఈ ముక్క అడగలేదు. కత్తులు అట్టకత్తుల్లా ఉన్నాయని పట్టుకున్న కళ్లకి ఇది ఎందుకు కనపడలేదు? ఆ యుద్ధం హిందూ ముస్లిం యుద్ధం కాదు. రెండు హిందూ సంస్థానాల పంతం, దాని మధ్య ఫ్రెంచివాడి ఫిరంగి. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడండి. అన్న విజయరామరాజు చావుకి తల్లడిల్లి ప్రాణం విడిచిన ఆడపడుచుని జనం దేవతని చేసుకున్నారు. అదే ఊళ్లో బాబామెట్ట మీద ఖాదర్ వలీ దర్గాకి వచ్చేవాళ్లలో సాయిబులు ఎందరు, హిందువులు ఎందరు అని ఎవరూ లెక్కపెట్టరు. జనం జ్ఞాపకంలో ఇంత చోటుంది. తెర మీద లేదు. తెరని తూకం వేసే కాగితం మీదా లేదు.

వేలెత్తి చూపించి తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. 2002లో 'ఖడ్గం' వచ్చినప్పుడు నేను ఒక పత్రికలో కొత్తగా చేరాను. కృష్ణవంశీ సినిమా. సమీక్ష నన్నే రాయమన్నారు. వేగం బాగుందన్నాను, ప్రకాష్ రాజ్ నటన గొప్పదన్నాను, జాతీయ సమైక్యతకి అద్దం పట్టిందన్నాను. మా అమ్మీకి తెలుగు అక్షరాలు రావు. "పఢ్‌కే సునా బేటా" అంది. ఒక్కొక్క వాక్యం మా ఇంటి ఉర్దూలోకి మార్చి వినిపిస్తూ వచ్చాను. 'సమైక్యత' దగ్గరికొచ్చేసరికి గొంతు తడబడింది. తెలుగులో గబగబా రాసేసిన మాట అమ్మీ మొహంలోకి చూస్తూ చెప్పాల్సి వచ్చేసరికి తేలలేదు. అమ్మీ కథ మొత్తం చెప్పించుకుంది. ప్రకాష్ రాజ్ వేసిన అంజద్ ఆటో డ్రైవరు, మంచివాడు, దేశం కోసం తపించేవాడు. తమ్ముడే తీవ్రవాది. అంతా విని అమ్మీ, "పోలీసు హీరోని ఎవరూ అడగరా, నీకు దేశమంటే ప్రేమేనా అని? ఆ ఆటో పిల్లాడే చెప్పుకోవాలా?" అంది. నా సమీక్షలో లేని ఒకే ఒక్క వాక్యం అది. చదువురాని మా అమ్మీ రాసింది. సాయిబుని నేనే ఆ మాట పట్టుకోలేకపోతే ఎవర్నేమని నిందించను?

మా రెండు జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఇక్కడ చాలామంది పిల్లలకి తెలిసే మొదటి సాయిబు పక్కింటివాడు కాదు, తెరమీది వాడే. అందుకే సమీక్ష రాసే చెయ్యి ఇక్కడ ఎక్కువ బరువు మోస్తుంది. సినిమాలు ఆపించమని నేను అడగడం లేదు. మమ్మల్ని దేవుళ్లుగా చూపించమనీ అడగడం లేదు. ప్రతి సినిమాలోనూ చచ్చిపోయే రహీం చాచా కూడా అబద్ధమే. హైదర్ జంగుని చూపించండి, షేర్ ఖాన్‌నీ చూపించండి. పొగడండి, తిట్టండి, పాటలకి మార్కులు వెయ్యండి. దాంతోపాటు హాల్లో చప్పట్ల మధ్య ఒక పిల్లాడు ఎందుకు చేతులు ఆపేశాడో ఒక్క వాక్యం రాయండి. మీరు రాయకపోతే మేమే రాస్తాం, తెలుగులోనే. ఇంట్లో ఉర్దూలోకి మార్చి చదివినా గొంతు తడబడకుండా.