మోకాటి కీలు, మరల కట్టు నేర్పు



మా పట్టిసీమలో గోదావరి నడుమ కొండమీద వీరభద్రస్వామి ఆలయము గలదు. దక్షుని శిరస్సును ఖండించిన పిమ్మట వీరభద్రుడు తన పట్టిసమను ఆయుధమును ఇక్కడి గోదావరిలో కడిగెనని స్థలపురాణము. తెగిన తలకు మాఱుగా దక్షునికి మేకతల నతికించిన కథ మీరెఱిగినదే. ఆ కథ చెప్పినప్పుడు ఒక బాలుడు నన్నడిగెను: “మాస్టారూ, ఆ మేకతలయు చెడిపోయిన నేమి చేయుదురు?” తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వి యూరకుంటిని. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు ఆలస్యముగా నిచ్చు సమాధానము.

మా అన్నగారికి అరువదియైదవ యేట ఎడమ మోకాటి కీలును మార్చిరి. తరువాత తొమ్మిదేండ్లు వారు ప్రతి శివరాత్రికి కొండమెట్లెక్కి స్వామిని దర్శించిరి. పదియవ యేట నొప్పి మొదలాయెను. “ఒకసారి మార్చిన కీలును మరల ముట్టరాదు, ఇక నింతే” యని యెవరికిని చెప్పక ఏడాది సహించిరి. వారి నమ్మకము పూర్తిగా వట్టిది కాదు. ఒకప్పటి మాట యది. అది యెట్లు మాఱెనో వినుడు.

1890లో బెర్లిను నగరమున థెమిస్టోక్లీజ్ గ్లుక్ అను శస్త్రవైద్యుడు క్షయవ్యాధిచే చెడిన మోకాటి కీలును తీసివైచి, ఏనుగుదంతముతో చేసిన మడతబందు నమర్చెను. ఎముకలలో వ్యాధి తిరుగబెట్టి చీము పట్టుటచే ఆ యత్నము నిలువలేదు. 1951లో స్వీడను దేశపు వైద్యుడు వాల్డియస్ మరల మడతబందు కీలునే చేపట్టెను. కాని మోకాలు తలుపువలె ఒక్క తీరుననే మడగునది కాదు. మడగుచునే కొంచెము తిరుగును, కొంచెము జాఱును. మెట్లెక్కునప్పుడు దానిపై దేహభారమునకు సుమారు మూడింతల బరువు పడును. మడతబందు ఆ తిరుగుడు నొప్పుకొనక, ఆ బలమునంతయు ఎముకలోని యతుకులమీదికి నెట్టెడిది. అతుకులు వదలెడివి.

1968లో ఇంగ్లండున గన్‌స్టన్ అను కెనడా వైద్యుడు మడతబందును విడిచి, లోహము పాలిఎథిలీనుపై జాఱునట్టి కీలును ఎముక సిమెంటుతో అతికెను. 1974లో న్యూయార్కున ఇన్‌సాల్, భారతదేశమున జన్మించిన రణావత్, యంత్రశాస్త్రజ్ఞుడైన వాకర్ కలసి “టోటల్ కాండైలర్” అను కీలును వాడుకలోనికి తెచ్చిరి. తొడయెముక చివరకు లోహపు తొడుగు, పిక్కయెముక పైన పాలిఎథిలీను పలక, ఇది దాని రూపము. నేటి కీళ్లలో పెక్కింటికి మూలపురుషు డిదియే.

అయినను మనిషి చేసిన వస్తువు అఱుగకుండునా? పలక అఱిగినప్పుడు రాలిన సూక్ష్మమైన పొడికి దేహము ఎదురు తిరిగి, ఆ పోరులో చుట్టునున్న యెముకనే తినివేయును. వదలిన కీలును పెఱికినప్పుడు మఱికొంత యెముక పోవును. మిగిలిన గుంతలో మొదటివంటి కీలు కూర్చుండదు. పూర్వము వైద్యులు ఆ గుంతను సిమెంటుతోనో వేఱు ఎముకతోనో పూడ్చెడివారు. లేదా ఆ రోగి కొలతకే ప్రత్యేకముగా కీలు చేయించెడివారు. అదియును కానిచో కాలు మడగకుండ ఎముకలను కలిపి బంధించెడివారు.

ఇచ్చట మన వడ్రంగి బుద్ధి అక్కఱకు వచ్చినది. బండిచక్రమును అతడు ఒకే మ్రానిలో తొలువడు. కుండ వేఱు, ఆకులు వేఱు, పూటీలు వేఱు. ఒక ఆకు విఱిగిన ఆ యాకునే మార్చును. 1980ల నుండి మోకాటి కీలును చేయువారును ఈ మార్గమునకే వచ్చిరి. దీనిని మాడ్యులర్ పద్ధతి యందురు. విడిభాగముల కూర్పని మన మాట. ఎముక మూలుగ నాళములోనికి దిగు కాడ, బరువును లోపలి గట్టి యెముకకు చేర్చును. పోయిన యెముక తావును లోహపు దిమ్మలు నింపును. పెద్ద గుంతలకు సన్నని రంధ్రములతో గూడిన గరాటువంటి లోహపు తొడుగులు గలవు; వానిలోనికి ఎముకయే పెరిగి పట్టుకొనును. పలకలు పలు మందములవి. కీలును పట్టియుంచు నరములు పూర్తిగా తెగినచో, ఇప్పుడు తిరుగుటకును వీలున్న మడతబందు మరల వచ్చును. వైద్యుడు కోసి చూచిన పిమ్మట ఎంత యెముక మిగిలెనో తెలిసికొని అక్కడికక్కడ కూర్చుకొనును. కాడను బిగించు వాలుకూర్పు 1860లలో అమెరికాలో మోర్స్ అనునతడు బరమాలకై కల్పించినది. పారకు పిడివలె కొట్టినకొలది బిగియును.

దీనికిని దోషము లేకపోలేదు. అతుకు హెచ్చిన రాపిడి హెచ్చును. పలక అడుగుభాగము లోహపు పళ్లెముపై రాసికొని అఱుగును. కూర్పులయొద్ద లోహము తినబడును. అందుచే తొలిసారికి ఏకఖండమైన క్రింది భాగమునే మెచ్చు వైద్యులును గలరు.

2017 ఆగస్టులో భారత ప్రభుత్వము ఈ భాగములకు గరిష్ఠ ధరలు నిర్ణయించినది. కోబాల్టు క్రోమియము కీలు పన్నులు గాక 54,720 రూపాయలు. మరల కట్టు కీలు 1,13,950 రూపాయలు. తొడుగునకు, పళ్లెమునకు, పలకకు వేఱువేఱుగ వెల కట్టిరి. రెండవమారు కీలు తొలిదానికి రెండింతల వెలయని గ్రహింపుడు.

ఇక మా అన్నగారి సంగతి. నొప్పి తెలిసిన తోడనే పోయినచో పలకను మాత్రము మార్చిన సరిపోయెడిదేమో యని వైద్యులు చెప్పిరి. ఆ కీలు ఏ కంపెనీది, ఏ కొలత యని వా రడిగిరి. ఒక కంపెనీ పలక మఱియొక కంపెనీ పళ్లెములో ఇముడదు. ఆ వివరములున్న కాగితములు 2022 జూలై వరదలో తడిసి పోయినవి. అప్పటికే ఎముక చాల మట్టుకు తినబడియుండెను. కీలునంతయు తీసి, కాడలు దిమ్మలు వేసి క్రొత్తది కట్టిరి. నేడు వారు కఱ్ఱ యూతతో ఇంట, వీథిని నడచుచున్నారు. మొన్నటి శివరాత్రికి కొండ యెక్కలేదు. రేవున గూర్చుండి నమస్కరించిరి. నేను మెట్లెక్కి ప్రసాదము తెచ్చి యిచ్చితిని.

కావున పెద్దలారా, కీలు మార్పించుకొన్నవారు దాని పేరు, కొలతలున్న చీటీని భూమి దస్తావేజుతోపాటు భద్రపఱచుడు. ఒక ప్రతిని కుమారునికో కుమార్తెకో ఇండు. నొప్పి లేకున్నను వైద్యుడు చెప్పిన గడువుకు ఎక్స్‌రే తీయించుకొనుడు. క్రొత్తగా నొప్పియో వాపో కలిగిన దాచకుడు. ఆ బాలుని ప్రశ్నకు నా సమాధాన మిదియే: చెడినదానిని మరల కట్టవచ్చును, కట్టుటకు తగినంత మిగిలియున్నప్పుడే వచ్చినచో.

సెలవు.