ఇసుక నుంచి ట్యాబ్ దాకా: సీమ బడి

రాయలసీమలోని కడప ప్రాంతం 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వెళ్లిన దత్తమండలాల్లో భాగం. అప్పటి వీధిబడుల తీరును పొరుగున ఉన్న బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823 నివేదికలో వివరంగా రాశాడు. అయిదో ఏట బడిలో చేరిన పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. ఖర్చు తక్కువైన ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అర్థం తెలియని పద్యాలను వల్లె వేయించడాన్ని మాత్రం తప్పుపట్టాడు, ఆ విమర్శ న్యాయమైనదే. అంతకుముందే, 1790ల్లో, మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ ఇసుక రాతనూ, పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతినీ అనుసరించి, ఇంగ్లండులో ప్రచారం చేశాడు. మన పల్లె బడి పద్ధతి అక్కడ ‘మద్రాసు విధానం’ అయింది.

తర్వాత పలక, నల్లబల్ల, అచ్చు పుస్తకం వచ్చాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ‘సైట్’ (ఉపగ్రహ బోధనా టెలివిజన్) ప్రయోగం ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు అందించింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలలు వేరే దారి పట్టాయి: ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు నేర్చుకునేవారు. పాత వీధిబడి బలం ఇక్కడ కొత్తగా కనిపిస్తుంది.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద తరగతి గదుల్లోకి డిజిటల్ తెరలూ వచ్చాయి.