కాగితం మీద వాలిన పిట్టలు

దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి వెళ్లడం మన ఇళ్లలో ఆనవాయితీ. మా బీదరులో కన్నడిగులు దాన్ని నీలకంఠ అంటారు. కర్ణాటకకు అది రాష్ట్ర పక్షి. అందుకే కొన్నేళ్ల క్రితం దాని రంగుల అచ్చు బొమ్మ ఒకటి కొని, మా తరగతిలో కిటికీ ఎదుటి గోడకు టేపుతో అంటించాను. నాలుగు వేసవులు గడిచేసరికి రొమ్ము మీది గోధుమ రంగు వెలిసిపోయి, పిట్టంతా నీలంగా మిగిలింది. తప్పు నాదే. ఇలాంటి అచ్చుల్లో పసుపు, ఎరుపు ముందుగా వెలుస్తాయి, నీలం ఎక్కువ కాలం నిలుస్తుంది.

బొమ్మే కదా అనుకోకండి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు థామస్ జెర్డాన్ నెల్లూరులో పనిచేసిన రోజుల్లో యానాదులను అడిగి పక్షుల సంగతులు తెలుసుకున్నాడు. 1843-47 మధ్య మద్రాసులో 50 చిత్రాలతో ఒక పక్షి గ్రంథం వెలువరించాడు. రాతిపలక మీద జిడ్డు సుద్దతో గీసి, దాన్నుంచి అచ్చు తీసి, ఒక్కొక్క ప్రతికీ చేత్తో రంగులు అద్దిన చిత్రాలవి. ఆ పనిలో మన దేశపు చిత్రకారుల చేయి కూడా ఉంది.

జెర్డాన్ పేరుతోనే లోకం పిలిచే మన కలివికోడికి 1848లో శాస్త్రనామం పెట్టారు. 1900 తరువాత అది కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవిలో మళ్లీ దొరికేదాకా అది మ్యూజియం నమూనాల్లోనూ, కాగితం మీది రాతల్లోనూ, బొమ్మల్లోనూ మాత్రమే బతికింది. కాగితాన్ని కాపాడటం అంటే అదీ!

మరి మన ఇంట్లోని బొమ్మ మాటేమిటి? ఎండ పడే గోడకు, వాన చెమ్మ దిగే గోడకు తగిలించకండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ బొమ్మకూ మధ్య అట్ట అంచు పెట్టించండి. అద్దం తగిలితే చెమ్మకు బొమ్మ అతుక్కుపోతుంది, బూజు పడుతుంది. మామూలు అట్టలోని ఆమ్లం కాగితాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా మారుస్తుంది కాబట్టి ఆమ్లం లేని అట్ట అడగండి. టేపు వద్దు. పలచటి కాగితపు పట్టీలకు గంజి జిగురు రాసి, పై అంచున మాత్రమే అంటించాలి. విలువైన బొమ్మను లామినేషన్ చేయించకండి, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. దాచదలిస్తే చుట్టకుండా పరిచి పెట్టండి. పురుగు పట్టదని వేపాకు నేరుగా బొమ్మ మీద వేస్తే మరక పడుతుంది. వానాకాలం వెళ్లగానే ఒకసారి దించి వెనకవైపు చూడండి.

మా తరగతిలో ఇప్పుడు కొత్త పాలపిట్ట ఎండ తగలని గోడ మీద ఉంది. వెలిసిన పాతదాన్ని నేను పారేయలేదు. ఏటా పిల్లలకు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. సెలవు.